బిర్యానీ మెయిలు

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవాళ్లకి ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు మాటలు. సీట్లోంచి లేచేటప్పుడు కంప్యూటర్‌ని లాక్ చేసి లేవాలి. విండోస్ బటన్, ఎల్ బటన్ కలిపి నొక్కితే చాలు. మర్చిపోయి టీకి వెళ్లారా, పక్క సీటువాడు మీ మెయిల్లోంచి, మీ పేరుతోనే, టీమ్ మొత్తానికి కబురు పంపేస్తాడు: రేపు మధ్యాహ్నం అందరికీ నా తరఫున బిర్యానీ అని. మీరు తిరిగొచ్చేసరికి సగం మంది థాంక్స్ చెప్పేసి ఉంటారు, ఇద్దరు ముగ్గురు తమకు వెజ్ కావాలని కూడా రాసి ఉంటారు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఈ ఆట తెలియని ఫ్లోర్ ఉంటుందనుకోను.

కింద మాట్లాడే ఇద్దరూ కల్పితాలు. వాళ్ల వాదనలు మాత్రం టీ కొట్ల దగ్గర, షేర్ క్యాబుల్లో, లిఫ్టుల్లో అటూ ఇటూ వినిపించేవే. వదిన ఒక కంపెనీలో డెలివరీ మేనేజర్. 2005లో ట్రైనీగా మాదాపూర్‌లో అడుగుపెట్టింది. మరదలు, అంటే వదిన భర్తకి చిన్నాన్న కూతురు, ఇంకో కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. 2021లో, కోవిడ్ మధ్యలో, ఊళ్లో ఇంటి నుంచే ఉద్యోగంలో చేరింది. మణికొండలో వదిన ఇంట్లో శనివారం భోజనాలయ్యాయి. మరదలు వారమంతా అణచుకున్న కోపం బయటపెట్టింది.

మరదలు: మా ఫ్లోర్‌లో కొత్తగా ఒక అబ్బాయి చేరాడు వదినా. కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. లాక్ చేయకుండా లేచాడు, మామూలే, వాడి పేరుతో బిర్యానీ మెయిల్ వెళ్లింది. వాడు దాన్ని జోకనుకోలేదు. మర్నాడు నిజంగానే నలభై మందికి బిర్యానీ తెప్పించాడు.

వదిన: నలభై మందికా! బంగారం లాంటి పిల్లాడు. ఎక్కణ్నించి తెప్పించాడు?

మరదలు: చూశావా, నీ నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. మా వాళ్లూ అదే అడిగారు. వాడి ప్యాకేజీ మూడున్నర లక్షలు. హాస్టల్‌కి కట్టి, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ పోగా నెలాఖరుకి వాడి చేతిలో ఏం మిగులుతుంది? ఫ్రెషర్ల జీతం నువ్వు చేరినప్పటి నుంచీ పెద్దగా కదల్లేదని నువ్వే కదా ఎప్పుడూ అంటావు.

వదిన: అయితే ఇవ్వను పొమ్మనాల్సింది. ఆ మెయిల్‌కి ఎవరూ కట్టుబడరమ్మా. ఇరవై ఏళ్లలో బిర్యానీ నిజంగా వచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. మహా అయితే ఒక ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెడతారు. నేనూ అంతే పెట్టాను.

మరదలు: అది నీకు తెలుసు. వాడికి ఎవరు చెప్పారు? ఈ ఆటకి రూల్సు ఎక్కడా రాసిలేవు. తెలిసినవాడు బిస్కెట్లతో బయటపడతాడు, తెలియనివాడు పర్సు ఖాళీ చేసుకుంటాడు. అంటే బిల్లు ఎప్పుడూ అందరికంటే కొత్తగా వచ్చినవాడికే పడుతుంది.

వదిన: సరే, ఆ అబ్బాయి సంగతి కాసేపు పక్కన పెట్టు. ఆట మొత్తాన్నీ ఎందుకు తిడతావు? సెక్యూరిటీ ట్రైనింగ్ అని ఏటా ఒక వీడియో చూపిస్తారు. ఎవరు చూస్తారు? దాన్ని ఒక పక్క ఆడనిచ్చి ఇంకో పక్క పని చేసుకుంటారు. ఐఎస్‌ఓ 27001 అని గోడ మీద సర్టిఫికెట్ ఉంటుంది చూడు, ఆ ఆడిట్‌కి వచ్చినవాళ్ల కన్ను మొదట పడేది ఖాళీ కుర్చీ ముందు వెలుగుతున్న స్క్రీన్ మీదే. నాకు ఆ అలవాటు నేర్పింది వీడియో కాదు, నా పేరుతో వెళ్లిన మెయిల్. ఇవాళ్టికీ స్టవ్ మీద పాలు పొంగుతున్నా లాక్ చేసి గానీ కదలను.

మరదలు: అందుకేనేమో మీ ఇంట్లో పాలు ఎప్పుడూ మాడు వాసనే. కానీ వదినా, వేరేవాళ్ల పేరుతో, వాళ్ల లాగిన్‌తో మెయిల్ పంపడాన్ని చట్టం ఏమంటుందో తెలుసా? ఐటీ చట్టంలో 66సీ అని ఒక సెక్షన్ ఉంది. ఇంకొకరి గుర్తింపుని దురుద్దేశంతో వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

వదిన: బిర్యానీ మెయిల్ పట్టుకుని మాదాపూర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్తావా? ముందు ఎస్సైగారికి నవ్వాగదు.

మరదలు: కోర్టులో నిలబడుతుందని నేననట్లేదు. దురుద్దేశం ఎక్కడుందంటారు, కొట్టేస్తారు. నేననేది వేరు. కస్టమర్ డేటాతో ఇదే పని చేస్తే సాయంత్రానికి ఐడీ కార్డు లాక్కుని గేటు బయట నిలబెడతారు. ట్రైనీ పేరుతో చేస్తే టీమ్ స్పిరిట్ అంటారు. సెక్యూరిటీ కోసమే అయితే ఆ అబ్బాయి స్క్రీన్ మీద ఒక కాగితం అంటించి పోవచ్చుగా, లాక్ చెయ్యి తమ్ముడూ అని.

వదిన: కాగితం అంటిస్తే వాడు దాన్ని చింపి బుట్టలో వేస్తాడు. నవ్వు పుట్టిస్తేనే మనసులో ఉంటుంది. నువ్వు చేరినప్పుడు ఆఫీసే లేదు, అందుకే నీకీ సంగతి అంతుపట్టదు. మేం చేరినప్పటి మాదాపూర్ చెప్తాను విను. 1998 నవంబరు 22న వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత ఏడేళ్లకి నేనొచ్చాను. అప్పటికి కూడా ఆ గుండ్రటి భవనం దాటితే బండరాళ్లే. ఇనార్బిట్ లేదు, కేబుల్ బ్రిడ్జి లేదు, మెట్రో లేదు. రాత్రి పదకొండు దాటితే ఆఫీసు క్యాబే దిక్కు. మా బ్యాచ్‌లో శ్రీకాకుళం అబ్బాయి, ఆదిలాబాద్ అబ్బాయి, భువనేశ్వర్ అమ్మాయి, కోయంబత్తూరు అబ్బాయి, నేను. మాకు ఉమ్మడిగా ఉన్నవి రెండే: వచ్చీరాని ఇంగ్లీషు, ఎప్పుడు పంపించేస్తారోనన్న భయం. మొదటి వారం ఎవరి టిఫిన్ బాక్స్ వాళ్లది, ఎవరి మూల వాళ్లది. మమ్మల్ని కలిపింది ఎవరనుకున్నావు? మౌసు కింద అంటించిన టేపు ముక్క.

మరదలు: ఇప్పుడూ చేస్తారు అది.

వదిన: కింద ఉన్న కన్నుకి ఇంత టేపు అంటిస్తే బాణం కదలదు. కోయంబత్తూరు అబ్బాయి అరగంట కుస్తీ పట్టి హెల్ప్‌డెస్క్‌కి టికెట్ రాశాడు. హెల్ప్‌డెస్క్ అన్న వచ్చి మౌసు తిరగేసి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ టేపు తీసి, తిన్నగా మా లీడ్ దగ్గరికి నడిచి, ఆయన కాఫీ కప్పుకి అంటించి వెళ్లిపోయాడు. ఎందుకంటించాడో ఆ పెద్దమనిషికి సాయంత్రం దాకా తెలీదు. ఆ రోజు ఐదుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఆ తర్వాత స్క్రీన్ తలకిందులు చేయడాలు, ఐకాన్లని ఫొటో తీసి అదే వాల్‌పేపర్‌గా పెట్టి అసలువి దాచేయడాలు, అమెరికా క్లయింట్ గొంతు పెట్టి పక్క క్యూబికల్‌కి ఫోన్ చేయడాలు, ఒకటా రెండా. ఇవాళ ఆ ఐదుగురిలో ముగ్గురు మూడు దేశాల్లో ఉన్నారు. ఎవరింట్లో చావు పుట్టుకలొచ్చినా మొదటి ఫోన్ మా మధ్యే.

మరదలు: నువ్వు చెప్పిన కథలోనే నా మాట ఉంది. ఐదుగురూ ట్రైనీలు. ఎవరి చేతిలోనూ ఎవరి రేటింగూ లేదు. ఇవాళ నువ్వు టేపు అంటించావు, రేపు నీ మౌసుకి అతను అంటించాడు, లెక్క సరి. మా ఫ్లోర్ అబ్బాయి పేరుతో మెయిల్ పంపింది ఎవరో తెలుసా? వాళ్ల టీమ్ లీడ్. వాడి ప్రొబేషన్ కన్ఫర్మ్ చేసే కాగితం మీద సంతకం పెట్టే మనిషి.

వదిన: అయితే లీడ్ అన్నవాడు నవ్వకూడదా? నేను మేనేజర్‌ని అయిన రోజు నుంచి నాతో జోకులేయడం మానేశారు. నేను పాంట్రీలోకి వెళ్తే మాటలు ఆగిపోతాయి. ఎంత ఒంటరిగా ఉంటుందో నీకు తెలీదు. పద్దెనిమిది మంది టీమ్, మధ్యాహ్నం భోజనానికి ఒక్కరు రమ్మనరు.

మరదలు: నీ పెళ్లి గుర్తుందా వదినా? గృహప్రవేశం రోజు గుమ్మానికి అడ్డం నిలబడింది ఎవరు?

వదిన: నువ్వేగా. ఇంత ఉండేదానివి, లంగా ఓణీ కూడా సరిగ్గా నిలిచేది కాదు. మొగుడి పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వనన్నావు. నేను చెప్పాను. మీ అన్నయ్య నా పేరు చెప్పడానికి సిగ్గుపడి చచ్చాడు.

మరదలు: చెప్పాక నాకు పట్టుపరికిణీ గుడ్డ ఇచ్చారు. మీ చెల్లెళ్లు అన్నయ్య చెప్పులు దాచి ఎంత గుంజారో ఆయనిప్పటికీ చెప్పుకుంటాడు. మనవాళ్ల వేళాకోళానికి ఒక పద్ధతి ఉంది చూడు. ఎవరు ఎవర్ని ఆటపట్టించచ్చో ముందే తెలుసు: బావా మరదళ్లు, వదినా మరదళ్లు, బావా బావమరుదులు. మామగారి చెప్పులు ఎవరూ దాచరు. ఇంకొకటి, డబ్బు ఎటు పోతుందో చూడు. ఆ రోజు పీటల మీద కూర్చున్న మహారాజు దగ్గర్నుంచి చిన్నపిల్లల చేతికి వస్తుంది. ఆడపెళ్లివారంటే ఆ పందిట్లో తగ్గి ఉండాల్సినవాళ్లు. వాళ్ల పిల్లలకి ఆ ఒక్క పూట మగపెళ్లివారి మీద చెయ్యి పైన. మా ఫ్లోర్‌లో బిర్యానీ ఎటు పోతోంది? అందరికంటే తక్కువ జీతం ఉన్నవాడి జేబులోంచి లీడ్ ప్లేటులోకి.

వదిన: అబ్బో. ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు. కానీ ఆఫీసులో మాత్రం వరసలు లేవా? అందరూ అన్నా, అక్కా అనే కదా పిలుచుకుంటారు?

మరదలు: పిలుచుకుంటారు. అప్రైజల్ మెయిల్ వచ్చేదాకా. ఏడాది పొడుగునా అన్న, ఏప్రిల్‌లో మాత్రం కంపెనీ పాలసీ ప్రకారం. వరస కలిపినంత మాత్రాన బావమరిది అయిపోడు. బావమరిదిని ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు, అందుకే వాడితో ఏమైనా అనచ్చు.

(నాకు వ్యక్తిగతంగా ఈ మాట దగ్గర మరదలి పక్షం వహించాలనిపించింది. కానీ వదిన తగ్గే మనిషి కాదు.)

వదిన: నువ్వు జోకుని న్యాయస్థానంలో నిలబెట్టావు కాబట్టి నేనూ సాక్ష్యం తెస్తాను. మయసభ. దుర్యోధనుడు నీళ్లలో పడ్డాడు, ద్రౌపది పకపకా నవ్వింది, అందుకే కురుక్షేత్రం జరిగిందని మన నాటకాలూ సినిమాలూ నూరిపోశాయి. వ్యాసుడి సభాపర్వంలో కవి చెప్పేటప్పుడు నవ్వింది భీముడు, అర్జునుడు, కవలలు, పరిచారకులు. ద్రౌపది పేరే లేదక్కడ. మరి ఆమె ఎక్కడ నవ్వింది? దుర్యోధనుడు ఇంటికెళ్లి తండ్రికి చెప్పుకునేటప్పుడు. కృష్ణుడు నవ్వాడు, అర్జునుడు నవ్వాడు, ద్రౌపది ఆడవాళ్లతో కలిసి నవ్వింది అంటాడు. చూశావా? పడ్డవాడు లెక్క పెంచుతాడు. మా ఆఫీసు ఇంటర్నల్ కమిటీకొచ్చే ఫిర్యాదుల్లోనూ ఇదే. నలుగురు నవ్వితే ఫ్లోర్ మొత్తం నవ్విందని రాస్తారు.

మరదలు: అబద్ధం చెప్పాడంటావా?

వదిన: పెంచాడంటాను.

మరదలు: నీళ్లలో మునిగినవాడికి ఎవరెవరు నవ్వారో కనిపిస్తుందా వదినా? బట్టలు తడిసి, మొహం ఎర్రబడి ఉంటే, చెవిలో పడ్డ ప్రతి నవ్వూ తన మీదే అనిపిస్తుంది. దుర్యోధనుడు చెడ్డవాడే, నేను వెనకేసుకురాను. కానీ నవ్వినవాళ్ల దగ్గర ఉన్నదీ లెక్కే, పడ్డవాడి దగ్గర ఉన్నదీ లెక్కే. యుద్ధం జరిగింది మాత్రం రెండో లెక్క ప్రకారం. మా అబ్బాయికి నలభై మంది ముఖాలు మానిటర్ల వెనక ఉన్నాయి. చాట్‌లో మెయిల్ ఫొటో పెడితే నవ్వు బొమ్మలు టపటపా పడ్డాయి. అందులో సగం మంది అది చదవను కూడా లేదు, అలవాటు కొద్దీ నొక్కారు. వాడికెలా తెలుస్తుంది?

వదిన: సరే, ఒక్క సంగతి ఒప్పుకుంటాను. నేను మా ఇంటర్నల్ కమిటీలో సభ్యురాలిని కదా. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం వచ్చాక పదిమంది, అంతకు పైన ఉన్న ప్రతి ఆఫీసులో అది ఉండాల్సిందే. మా ముందు కూర్చున్న ప్రతి మగవాడూ మొదట అనే మాట ఒకటే: సరదాకన్నాను మేడమ్. అమ్మాయిల చీర మీద, ఒంటి మీద, పెళ్లి మీద వేసే జోకులకి నా దగ్గర ఒక్క మార్కు కూడా లేదు. అక్కడ చట్టం గీత గీసింది, నేనూ ఆ గీత ఇవతలే ఉన్నాను. అయితే గీత ఉంది కాబట్టే అవతల మిగిలినదాన్ని వదిలేయమంటున్నాను.

మరదలు: అవతల ఏం మిగిలిందో చూడు. ఆ చట్టం ఆడవాళ్ల కోసం, లైంగిక వేధింపుల కోసం. మగపిల్లాడి జేబుకి కమిటీ లేదు. శ్రీకాకుళం యాసని స్టాండప్ కాల్‌లో అనుకరిస్తే కమిటీ లేదు. తెలంగాణ మాటని కమెడియన్‌కో రౌడీకో అంటగట్టి మన సినిమాలు ఎన్నేళ్లు నవ్వించాయో, ఆ నవ్వు ఆఫీసుల్లోకి కూడా వచ్చింది. ఇంకో విచిత్రం చెప్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చారు. విద్యార్థికి అవమానం, చికాకు, భయం కలిగించే పని ఏదైనా ర్యాగింగే. ఆ అబ్బాయి మే నెలలో ఇంజనీరింగ్ కాలేజీలో ఉన్నాడు, అక్కడ వాడి చేత ఎవరైనా ఇలా బిర్యానీ కొనిపిస్తే జైలు దాకా వెళ్లచ్చు. జూన్‌లో గచ్చిబౌలి వచ్చాడు, ఇక్కడ అదే పనికి ఐస్‌బ్రేకర్ అని పేరు.

వదిన: ఇలా అన్నిటికీ చట్టం తెస్తే మిగిలేదేంటో నాకు తెలుసు: ఫన్ ఫ్రైడే. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా అందరూ నవ్వవలెను. బెలూన్లు, అంతాక్షరి, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం. పోయినసారి మా ఫ్లోర్‌లో నిమ్మకాయ చెంచా పందెం పెట్టారు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయి క్లయింట్ ఒకవైపు అరుస్తుంటే నోట్లో చెంచాతో నేను! ఫొటో లింక్డ్‌ఇన్‌లో పెట్టారు కూడా.

మరదలు: ఫ్రాన్స్‌లో ఒకాయన అలాంటి చెంచా పట్టుకోననే అన్నాడు. పారిస్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీ, సరదాగా ఉండటం మా సంస్థ విలువ అని రాసుకుంది. ఈయన వాళ్ల విందులకీ వేడుకలకీ కలవడంలేదని కూడా కారణం చూపించి ఉద్యోగంలోంచి తీసేసింది. 2022 నవంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెల్లదంది. సరదాగా ఉండకపోయే హక్కు ఉద్యోగికి ఉందన్నమాట.

వదిన: ఆయనకి నా తరఫున ఒక దండం. కానీ అది కంపెనీ పెట్టిన సరదా. నేను మాట్లాడేది పక్క సీటువాడి అల్లరి గురించి. రెండూ ఒకటి కాదు. ఒకటి పైనుంచి సర్క్యులర్‌గా వస్తుంది, రెండోది ఎవరూ చెప్పకుండా పుడుతుంది.

మరదలు: కంపెనీలు రెండోదీ నేర్చుకున్నాయి. మాకు మూణ్నెల్లకోసారి దొంగ మెయిల్ పంపుతారు. ఫిషింగ్ పరీక్ష. సబ్జెక్ట్ లైన్‌లో సవరించిన జీతం వివరాలు అని ఉంటుంది. నొక్కితే నువ్వు తప్పావు, ట్రైనింగ్ మళ్లీ చూడు అంటుంది. హైక్ కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాడికి ఆ రెండు క్షణాల్లో ఏమవుతుందో ఆలోచించు. అమెరికాలో గోడాడీ అనే కంపెనీ 2020 డిసెంబరులో, కోవిడ్ కాలంలో, పండగ బోనస్ 650 డాలర్లు అని ఇలాగే పంపింది. నొక్కినవాళ్లకి బోనస్ లేదు, పరీక్ష తప్పారన్న కబురు ఉంది. గోల లేస్తే క్షమాపణ చెప్పుకుంది.

వదిన: దొంగలు మాత్రం నీ మనసు నొచ్చుకుంటుందని బోనస్ పేరు వాడకుండా ఉంటారా? అసలు దొంగ పంపేది అదే మెయిల్. పరీక్ష అలాగే ఉండాలి.

మరదలు: దొంగకి నేను జీతానికి పని చేయట్లేదుగా. దొంగ ఆశపెడితే దొంగ అనుకుంటాను. నాకు హైక్ ఇవ్వాల్సినవాడే ఆశపెట్టి నవ్వుకుంటే ఏమనుకోవాలి?

వదిన: (కొంచెంసేపు ఆగి) దానికి సమాధానం లేదులే. గూగుల్ వాళ్లూ ఇలాగే దెబ్బతిన్నారు. 2004 ఏప్రిల్ 1న ఒక జీబీ జాగాతో జీమెయిల్ ఇస్తున్నామంటే మా కాలేజీలో ఎవరూ నమ్మలేదు, ఏప్రిల్ ఫూల్ అనుకున్నాం. అది నిజం. 2016 ఏప్రిల్ 1న మాత్రం సెండ్ బటన్ పక్కనే ఇంకో బటన్ పెట్టారు. నొక్కితే నీ మెయిల్‌కి ఒక మినియన్ బొమ్మ తగులుకుంటుంది, ఆ పైన ఎవరేం జవాబిచ్చినా నీకు కనపడదు. ఉద్యోగం దరఖాస్తులూ ఆఫీసు మెయిళ్లూ పొరపాటున ఆ బటన్‌తో వెళ్లాయని జనం లబోదిబోమంటే ఒక్కరోజు కూడా ఉంచకుండా తీసేశారు. 2020లో కోవిడ్ వచ్చాక ఆ ఏప్రిల్ సరదాలే ఆపేశారు. పెద్ద కంపెనీ చేతికి జోకు పోతే చెడిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. అందుకే అది చిన్నవాళ్ల చేతిలో ఉండాలంటున్నాను.

మరదలు: చిన్నవాళ్ల చేతిలోదే అయితే కుమారి ఆంటీ సంగతేంటి? కేబుల్ బ్రిడ్జి దగ్గర ఏళ్ల తరబడి మన ఐటీ వాళ్లకి అన్నం పెట్టిన మనిషి. బిల్లు చెప్తూ రెండు లివర్లు ఎక్స్‌ట్రా అందని దాన్ని జోకు చేశారు. మా ఆఫీసులో సగం కాల్స్ అదే గొంతుతో ముగిసేవి. జనం విరగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరి చివర్లో పోలీసులు దుకాణం మూయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుంటే మళ్లీ తెరుచుకుంది. ఆ తర్వాత పోలీసులే ఆమె మాటని చలాన్ల ప్రచారానికి వాడుకున్నారు! నవ్వినవాళ్లందరికీ వీడియో వచ్చింది, దుకాణం మూతపడింది ఆమెది.

వదిన: ఆ మూత ఒక్కరోజు. ఆ నవ్వు వల్లే ముఖ్యమంత్రి దాకా పేరు వెళ్లింది. మూగగా అమ్ముకునే బండిని తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఈ ఊళ్లో రోజూ ఎన్ని బండ్లు తీసేస్తున్నారు? నవ్వు ఆమెను ముంచలేదు, తేల్చింది.

మరదలు: ముందు నీళ్లలో పడేసింది ఎవరు మరి?

వదిన: నువ్వింకా మయసభలోనే ఉన్నావు. ఇంకో సంగతి అడుగుతాను. మీ కాలంవాళ్లు ఎప్పుడు నవ్వుతారు, ఎవరి మీద?

మరదలు: మాకు వేరే గ్రూప్ ఉంది. లీడ్‌లు, మేనేజర్లు లేకుండా. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రాళ్లు వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నప్పుడు ఆ గ్రూప్ చూడాల్సింది. బ్రహ్మానందం మొహం లేని మీమ్ లేదు. ట్రైనీల జీతం మీద, రేటింగుల బెల్ కర్వ్ మీద, మా మేనేజర్ మాటిమాటికీ అనే క్విక్ కాల్ మీద. అది నవ్వంటే. పైవాడి మీద.

వదిన: వాడి వెనక.

మరదలు: ముందు నవ్వితే రేటింగ్ పోతుంది కదా.

వదిన: అదే నాకు నచ్చదు. మేం ఒకడి మౌసుకి టేపు అంటిస్తే వాడి ఎదురుగా నిలబడి నవ్వేవాళ్లం. వాడు తిడితే పడేవాళ్లం. మీలాంటివాళ్లు పద్దెనిమిది మంది నా గురించి ఒక గదిలో నవ్వుకుని, కాల్‌లోకి వచ్చి గుడ్ మార్నింగ్ అంటారు. నాకది తెలుసు. ఏ బొమ్మ పెట్టారో తెలీదు, ఎందుకు పెట్టారో తెలీదు. ఇప్పుడు నీళ్లలో పడ్డది ఎవరు చెప్పు? 2009 జనవరి 7న, లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటపడ్డ రోజు నా స్నేహితురాళ్లు చాలామంది అందులోనే ఉన్నారు. జీతం వస్తుందో రాదో తెలీదు, ఇంటి లోన్లున్నాయి. ఆ నెలలో వాళ్లు వేసుకున్నన్ని జోకులు నేనెప్పుడూ వినలేదు. కంపెనీ పేరు మీదే ఎన్ని వేశారో! అవి దాచుకుని వేసినవి కావు. పాంట్రీలో, అందరి ముందూ, మేనేజర్లతో కలిసి వేసుకున్నవి. అందరి మెడ మీదా ఒకటే కత్తి ఉంది మరి.

మరదలు: నువ్వే అన్నావు. అందరి మెడ మీదా ఒకటే కత్తి ఉంటే కలిసి నవ్వచ్చు. మామూలు రోజుల్లో కత్తి నీ చేతిలో, మెడ మాది.

వదిన: మేనేజర్‌కి పైన కత్తి లేదనుకుంటున్నావా? లేఆఫ్ లిస్టులో ముందుండేది మా వయసువాళ్లే.

మరదలు: అయితే నీ పైవాళ్ల మీద మీమ్ చేసి నీ గ్రూప్‌లో పెట్టుకో. నేను వద్దన్నానా?

వదిన: పెట్టుకున్నాంలే. చూపించను. (ఇద్దరూ నవ్వారు.) జంధ్యాల 1984లో శ్రీవారికి ప్రేమలేఖ తీశాడు. ఊసుపోక ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఎవడో కుర్రాడికి అందితే పెళ్లి దాకా వెళ్లింది. నీ లెక్కన ఆ అమ్మాయి మీద 66సీ పెట్టాలి.

మరదలు: ఆ ఉత్తరానికి ముగింపు రాయడానికి జంధ్యాల ఉన్నాడు. బిర్యానీ మెయిల్‌కి ఎవరున్నారు?

వదిన: ఇంతకీ ఆ అబ్బాయి ఏమంటున్నాడు? ఏడ్చాడా, మానేస్తానన్నాడా?

మరదలు: అదే నాకు ఒళ్లు మండిపోయే సంగతి. వాడు చాలా సంతోషంగా ఉన్నాడు. అందరికీ పేరు తెలిసిపోయింది, కనబడితే బిర్యానీ అని పిలుస్తున్నారు. నేను వెళ్లి డబ్బులు అందరం వేసుకుందాం అంటే, వద్దక్కా, పరువు పోతుంది అన్నాడు. పైగా వచ్చే బ్యాచ్ ట్రైనీలు ఎప్పుడు చేరతారని అడుగుతున్నాడు.

వదిన: మరి నీకెందుకమ్మా బాధ?

మరదలు: వచ్చే బ్యాచ్ కోసం. ఈసారి వీడి చేతిలో పడేవాడికి లోన్ ఇంకా ఎక్కువ ఉండచ్చు.

వదిన: సరే, మా టీమ్‌లో ఒక రూలు పెడతాను. బిర్యానీ మెయిల్ ఎవరి సిస్టమ్‌లోంచి వెళ్లినా సరే, బిల్లు మాత్రం ఆ టీమ్‌లో ఎక్కువ జీతం తీసుకునేవాళ్లది. నీ చెప్పుల లెక్క ప్రకారమే. సరిపోయిందా?

మరదలు: అంటే నీది.

వదిన: నాదే.

మరదలు: అప్పుడు పద్దెనిమిది మందీ రోజూ సిస్టమ్‌లు బార్లా తెరిచిపెట్టి టీకి వెళ్తారు వదినా. నీ ఐఎస్‌ఓ ఆడిట్ గతేంటి?

వదిన: ఆడిట్ మార్చిలో కదా. అప్పటిదాకా తిననీ.